లండను నవలలో ఆసియావారి వీధి

లండను నగరపు తూర్పు భాగమున లైమ్‌హౌస్ అను రేవువాడ ఒకటి ఉన్నది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అక్కడ నివసించిన చీనావారు కొన్ని వందలకు మించరు. ఓడలలో పనిచేయు నావికులు, బట్టలుతుకు దుకాణములవారు, చిన్న భోజనశాలలు నడుపుకొనువారు. అంత చిన్న వాడకు అంత పెద్ద పేరు తెచ్చినవి కథలు. శాక్స్ రోమర్ 1912లో సృష్టించిన ఫూమంచూ అను దుష్టపాత్రయు, థామస్ బర్క్ 1916లో ప్రకటించిన ‘లైమ్‌హౌస్ నైట్స్’ కథాసంపుటియు ఆ సందులను నల్లమందు పొగతోను రహస్యములతోను నింపివేసినవి. ఆ కథలు చదివినవారు వాడను చూడబోయిరి. కన్నులకు కనిపించినది బీదవారి సామాన్య జీవనము. అయినను కంటితో చూచినదానికంటె పుస్తకములో చదివినదే నిజమని నమ్మి తిరిగివచ్చుట యాత్రికులకు క్రొత్త కాదు.

ఈ కథలకు గట్టి సమాధానమొకటి చీనా భాషలో వచ్చినది. సుప్రసిద్ధ రచయిత లావ్ షె 1924 నుండి 1929 వరకు లండనులోని ప్రాచ్యవిద్యాలయమున తన మాతృభాష బోధించెను. అప్పుడు వ్రాసిన ‘అర్ మా’ నవల 1929లో వెలువడినది. పురాతన వస్తువుల దుకాణము వారసత్వముగా లభింపగా లండను చేరిన తండ్రీకొడుకుల కథ ఇది. తూర్పు దేశములకు పోవుటకు డబ్బు చాలని యాత్రికులు చీనావాడకు వచ్చి వ్రాతలకు సరకు ఏరుకొని పోవుదురనియు, పదులను వేలుగా లెక్కగట్టి ప్రతివాని చేతిలోను నల్లమందు గొట్టము పెట్టుదురనియు లావ్ షె ఇందు పరిహసించెను. పరిహాసము వరకే అయినచో ఈ నవల నేడు స్మరింపవలసినది కాకపోవును. అందులో అంతకంటె బరువైన ఘట్టమొకటి ఉన్నది. తండ్రి మా, కాదనలేని మెతకతనము వలన, చీనావారిని కించపరచు చలనచిత్రములో వేషము వేయుటకు ఒప్పుకొనును. కోపించిన చీనా కార్మికులు వచ్చి అతని దుకాణము పగులగొట్టుదురు. చూడవచ్చినవారి కోరికకు తగినట్లు వేషము కట్టినవాడు తనవాడే అయినపుడు ఎవరిని నిందింపవలెను? లావ్ షె తండ్రిని క్షమింపడు. రాయి విసరినవారిని పూజింపడు. విమర్శకులు ఈ నవలను తేలికపాటి హాస్యరచనగా పరిగణించుట అన్యాయము.

రెండవ ప్రపంచ యుద్ధములో లైమ్‌హౌస్ బాంబులకు గురియైనది. తరువాతి చీనావాడ సోహోలో వెలసినది. లైమ్‌హౌస్‌కు కొద్ది మైళ్ల దూరములోనే మరియొక వీధి కథలకెక్కినది. అది బ్రిక్ లేన్. ఆ వీధి చరిత్ర చెప్పుటకు అక్కడి భవనమొక్కటి చాలును. ఫ్రాన్సునుండి శరణు వేడి వచ్చిన ప్రొటెస్టంట్లు 1743లో దానిని ప్రార్థనాలయముగా కట్టిరి, తరువాత మెథడిస్టుల మందిరమైనది, 1898లో యూదుల దేవాలయమైనది, 1976లో మసీదైనది. ఓడలలో పనిచేసిన సిల్హెట్ జిల్లావారు, వారి వెనుక వచ్చిన బంధువులు దర్జీ పనులతోను హోటళ్లతోను ఇక్కడ స్థిరపడిరి. 1978 మే నెలలో ఆల్తాబ్ అలీ అను యువ కార్మికుడు జాతిద్వేషమునకు బలియై ఈ పేటలోనే హత్య చేయబడగా, వేలమంది అతని శవపేటికతో ఊరేగిరి. తరువాత ఇరువది ఏండ్లు గడచునప్పటికి అదే పేటకు ‘బంగ్లాటౌన్’ అను పేరును, తోరణమును, రంగు దీపస్తంభములును వచ్చినవి. తరిమికొట్టబడినవారి వీధి విందులకు ప్రసిద్ధమైనది.

ఢాకాలో జన్మించిన మోనికా అలీ 2003లో ప్రకటించిన ‘బ్రిక్ లేన్’ నవల ఈ మార్పును దగ్గరగా చూచినది. నాయిక నాజ్నీన్ వీధిలో నడచుచుండగా ఒక యువతి హోటలు గుమ్మమున నిలిచిన సర్వరును ఫోటో తీయును. తరువాత కెమెరాను నాజ్నీన్ వైపు త్రిప్పును. ముస్లిముల హోటలు కిటికీలో హిందూ దేవతల విగ్రహములు చూచి నాజ్నీన్ ఆశ్చర్యపడగా, అది భక్తి కాదు వ్యాపారమని భర్త చాను వివరించును. ఇవి చిన్న గీతలు. నవలకు ప్రాణమైనది మరియొక ఘట్టము. ఏండ్ల తరబడి లండనులో కాపురముండియు ఊరు చూడని చాను, ఒకనాడు నిక్కరు తొడిగి, యాత్రికుని సరంజామా అంతయు సమకూర్చుకొని, కుటుంబమును బకింగ్‌హాం రాజభవనము చూపుటకు తీసికొనిపోవును. ఎక్కడివారని ఒక దారినపోవువాడు అడుగగా, ఇక్కడనే పుట్టిన కూతుళ్లు ప్రక్కన నిలిచియుండగనే, బంగ్లాదేశమని బదులు చెప్పును. పాఠకుడు మొదట నవ్వును. తాను పన్ను కట్టుచు బ్రతికిన నగరములో అతిథిగా తప్ప నిలువలేని మనిషి అతడని అర్థమైన తరువాత ఆ నవ్వు నిలువదు. లావ్ షె తండ్రి పాత్రకు చాను దగ్గరి బంధువు.

అయితే నవల పేరు మాత్రము పొరపాటు. నాజ్నీన్ జీవితము వీధిలో జరుగలేదు. ప్రభుత్వము కట్టించిన అంతస్తుల ఇంటి గదులలో, కుట్టు యంత్రము ముందర జరిగినది. ఆ గదులే ఈ నవల గొప్పతనము. వీధి పేరు అట్టమీద ఎక్కగానే పుస్తకము మార్గదర్శిని వేషము కట్టినది. సిల్హెటీలను చులకన చేసినదని అక్కడివారు కొందరు నిరసించిరి. 2006లో చలనచిత్ర నిర్మాణ సమయమున వీధిలో ఆందోళన జరిగినది. చాను నోటి దురహంకారమును రచయిత్రికి అంటగట్టుట సాహిత్య న్యాయము కాదు. కాని ఈ పుస్తకము చేతబట్టి తమ గుమ్మములోనికి తొంగిచూతురను భయమునకు లైమ్‌హౌస్ అనుభవము ఆధారముగా ఉన్నది. లావ్ షె కల్పించిన దుకాణము పగులుట వట్టి కల్పన కాదని డెబ్బది ఏడేండ్ల తరువాత తెలిసినది.

ఈ వీధిని ఇంతకంటె లోతుగా చూచిన రచన మరియొకటి కలదు. దానికి తగిన పేరు రాలేదు. సయ్యద్ మంజూరుల్ ఇస్లాం 1997లో ప్రకటించిన ‘ది మ్యాప్‌మేకర్స్ ఆఫ్ స్పిటల్‌ఫీల్డ్స్’ సంపుటిలోని అదే పేరుగల కథ అది. ఓడ దిగి వచ్చిన బ్రదరో మాన్ అను వృద్ధుడు రాత్రింబవళ్లు వీధులు తిరిగి, అడుగులతో ఆ పేట పటము గీయుచుండును. పిచ్చివాడని పట్టుకొనిపోవుటకు తెల్లదుస్తులవారు వెదకుచుందురు. అతని పటము యాత్రికునకు పనికిరాదు. అందులో ఉన్నవి ఎవరి గది ఎక్కడ, ఎవరు ఎవరికి ఏమగుదురు అనునవి. కథనము అక్కడక్కడ మితిమీరి మలుపులు తిరిగినను, అట్టి పటమును వ్రాతలో పెట్టవచ్చునని ఈ కథ చూపినది.

2020లో రన్నీమీడ్ ట్రస్టు ప్రకటించిన నివేదిక ప్రకారము, పదునైదేండ్ల క్రిందట బ్రిక్ లేన్‌లో అరువది వరకు ఉండిన కూరల హోటళ్లు ఇరువదిమూడైనవి. అద్దెలు పెరిగినవి, పిల్లలు ఆ వృత్తిని కోరలేదు, రుచులును మారినవి. యాత్రికులు మాత్రము తగ్గలేదు. వారికొరకు వేరు దుకాణములు వచ్చినవి. గుమ్మమున నిలిచి ఫోటోకు చిక్కిన ఆ సర్వరు నవలలో ఒక్క క్షణము కనిపించి మాయమగును. మోనికా అలీ అతనికి పేరైనను పెట్టలేదు.