విప్పకుండా ఉంచే కట్టు

నూజివీడు వైపు తోటల్లో కోతలు మొదలయ్యాయంటే ఇళ్లలో ఆవకాయ పనీ మొదలైనట్టే. టెంకతో సహా ముక్క కొట్టాలంటే కత్తి మీద బలమంతా పెట్టాలి. కాయేమో సొనకు జారుతుంది. పట్టుకున్న ఎడమచేతి వేలి కొస లేచిపోతుంది. ఏటా వేసవిలో అలాంటి వేళ్లకు కట్టు కట్టడం నా పని.

చాలామంది కాఫీపొడో పసుపో అద్దుకుని వస్తారు. దాన్నంతా కడిగి తీసేటప్పుడు వాళ్లు పడే బాధ చూడలేం. రక్తం ఆగాలంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచాలి.

ఎముక బయటపడకుండా కొస కండ మాత్రమే పోతే, చాలాసార్లు కుట్లు అక్కర్లేదు. తడి ఆరని కట్టు చాలు. 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మం మీది గాయాలను పాలిథీన్ పొరతో కప్పి చూశాడు. గాలికి వదిలేసి పక్కుకట్టిన వాటికన్నా వాటి మీద చర్మం దాదాపు రెట్టింపు వేగంగా కమ్ముకుంది. 1974లో షెఫీల్డ్ వైద్యురాలు సింథియా ఇల్లింగ్‌వర్త్, తెగిన పిల్లల వేలికొసలు ఉత్త కట్టుతోనే తిరిగి పెరిగాయని రాశారు.

పొడిగుడ్డ గాయానికి అతుక్కుపోతుంది. లాగితే లేతచర్మం దాంతోపాటే ఊడివస్తుంది. అందుకే ముందు పారఫిన్ పూసిన వలగుడ్డ వేస్తాను. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో దీన్ని తయారుచేసింది సినిమా లూమియేర్ సోదరుల్లో పెద్దవాడు ఆగస్ట్. దానిమీద దూది గుడ్డ, ఆపైన ఏటవాలుగా చుట్టు. ఉంగరంలా బిగిస్తే వేలు నల్లబడుతుంది.

కష్టమంతా ఆ తర్వాతే. రోజూ విప్పి చూసుకోవడమే శ్రద్ధ అనుకుంటారు.

"వాసనొస్తోంది డాక్టరు బాబూ, చీము పట్టినట్టుంది, విప్పెయ్యి" అందొక పెద్దావిడ వారానికి.

"చీము కాదమ్మా, రసి. అది ఉంటేనే మానుతుంది."

విప్పి చూపిస్తే లోపల దానిమ్మగింజల్లా ఎర్రటి కండ! ఆవిడ చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

వేలు సలుపుతున్నా, ఎరుపు అరచేతికి పాకినా, జ్వరం తగిలినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. షుగరున్నవాళ్లు మరీ జాగ్రత్త. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి మొదటిరోజే అడగాలి. తెగిన ముక్క దొరికితే తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచి తేవాలి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు.

సాధారణంగా మూడు నుంచి ఐదు వారాల్లో మానుతుంది. చలికి మాత్రం కొన్ని నెలలు జివ్వుమంటుంది. ఆ సంగతి ముందే చెప్పి పంపుతాను.