ఇంటి షెడ్డులో డ్రైవ్‌షాఫ్ట్ మార్పిడి: కండబలం కన్నా కొలత మిన్న

ఇంజిన్ ముందు ఉండి వెనుక చక్రాలతో నడిచే కార్లలో, గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని వెనుక ఇరుసుకు చేరవేసే పొడవాటి గొట్టాన్ని డ్రైవ్‌షాఫ్ట్ అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పనిచేసే మెకానిక్‌లకు ఇది ప్రొపెల్లర్ షాఫ్ట్‌గా సుపరిచితం. వేగానికి పేరుపడ్డ కార్లలో కంపెనీ బిగించిన షాఫ్టును తీసివేసి, విడిభాగాల తయారీదారులు అమ్మే తేలికైన షాఫ్టును యజమానే తన ఇంటి షెడ్డులో బిగించుకోవడం అమెరికాలో తరాలుగా సాగుతున్న ఆనవాయితీ. పైకి ఇది నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించే పనిలా కనిపించినా, షాఫ్టు పొడవు, కోణం, సమతుల్యం అన్న మూడు కొలతలను అర్థం చేసుకున్నవారికే కారు వణుకు లేకుండా నడుస్తుంది కనుక, దీనిని చిన్న మరమ్మతుగా గాక యంత్రశాస్త్రపు ఆచరణ పాఠంగా చూడటమే సమంజసం.

సంప్రదాయపు పునాది

పాత కార్లను కొని, బరువు తగ్గించి, ఇంజిన్లకు పదును పెట్టి, దక్షిణ కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల మీద పరుగులు తీయించిన 1930ల నాటి యువకులతో ఈ సంప్రదాయం రూపుదిద్దుకుంది. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ప్రారంభించిన ‘హాట్ రాడ్’ పత్రిక ఈ విద్యను ఇంటింటికీ చేర్చగా, 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ వీధుల్లోని పందేలను నియమాలున్న మైదానాలకు మళ్లించింది. ఆ తరువాతి తరానికి ఇంటి షెడ్డులో అభ్యాస వస్తువుగా మారిన కార్లలో 1979 నుంచి 1993 వరకు తయారైన ఫోర్డ్ మస్టాంగ్ ముఖ్యమైనది. ఔత్సాహికులు ‘ఫాక్స్ బాడీ’ అని పిలిచే ఈ కారులో, ముఖ్యంగా 5 లీటర్ల వి-8 ఇంజిన్ ఉన్న రకంలో, ఒకే ముక్కగా ఉన్న ఉక్కు షాఫ్టు స్థానంలో అల్యూమినియం షాఫ్టును బిగించుకోవడం బాగా ప్రచారం పొందిన మార్పు.

కీలులో దాగిన లెక్క

గేర్‌బాక్స్ కారు చట్రానికి బిగించి ఉంటుంది గాని, వెనుక ఇరుసు స్ప్రింగుల మీద పైకీ కిందికీ కదులుతూనే ఉంటుంది. అందువల్ల షాఫ్టు రెండు కొసల్లోనూ ఎటైనా వంగగల కీలు కావలసివచ్చింది. దానినే యూనివర్సల్ జాయింట్ అంటారు, అందులోని కూడిక గుర్తు ఆకారపు ముక్కను ‘క్రాస్’ అంటారు. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరుతో ప్రసిద్ధమైన ఈ కీలును మోటారు కార్లకు అనువుగా మలిచి 1903లో పేటెంట్ పొందిన అమెరికన్ క్లారెన్స్ స్పైసర్ మరుసటి ఏడే న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో దాని తయారీకి పూనుకున్నాడు. అంతకుముందు చాలా కార్లు సైకిల్ మాదిరిగా గొలుసుతోనే నడిచేవి.

అయితే ఈ కీలుకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. అది వంగి తిరిగేటప్పుడు, ఒక పక్క వేగం నిలకడగా ఉన్నా రెండో పక్క వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. వంపు 10 డిగ్రీలుంటే ఈ హెచ్చుతగ్గులు సుమారు ఒకటిన్నర శాతం దాకా ఉంటాయి. 3 డిగ్రీల దగ్గర 0.14 శాతానికి పడిపోతాయి. షాఫ్టు రెండు కొసల్లోని కీళ్లు ఒకే వరుసలో అమరి, రెండింటి వంపూ సమానంగా ఉంటే ముందు కీలు పుట్టించిన అసమానతను వెనుక కీలు రద్దు చేస్తుంది. షాఫ్టు బిగింపులో కోణాలకు ఇంత ప్రాధాన్యం ఉండటానికి మూలం ఇదే.

తేలికదనం ఇచ్చేది ఎంత?

అల్యూమినియం షాఫ్టు బిగిస్తే కారు ఒక్కసారిగా దూకుతుందన్న నమ్మకం లెక్కకు నిలవదు. గొట్టపు వ్యాసార్థం 4 సెంటీమీటర్లు, చక్రపు వ్యాసార్థం 32 సెంటీమీటర్లు, ఇరుసులోని పళ్ల నిష్పత్తి 3.55, షాఫ్టులో తగ్గే బరువు 4 కిలోలు అనుకుంటే, ఆ 4 కిలోలు తిరుగుడు ప్రభావాన్ని కలుపుకున్నా కారు బరువులో 5 కిలోల తగ్గుదలకు మించవు. సుమారు 1,450 కిలోల కారుకు అది స్వల్పమే.

అసలు లాభం మరోచోట ఉంది. పొడవైన ప్రతి గొట్టానికీ ఒక హద్దు వేగం ఉంటుంది. ఆ వేగం దగ్గర గొట్టం విల్లులా వంగుతూ తిరిగి, కారును వణికించి, చివరకు విరిగిపోవచ్చు. పొడవు రెట్టింపైతే ఈ హద్దు నాలుగో వంతుకు పడిపోతుంది, వ్యాసం పెరిగితే అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఉక్కుకూ అల్యూమినియానికీ బిరుసుతనాన్ని సాంద్రతతో భాగిస్తే వచ్చే విలువ దాదాపు ఒకటే కాబట్టి, లోహం మార్చినంత మాత్రాన హద్దు మారదు. లోహం తేలిక కనుక బరువు పెరగకుండానే గొట్టాన్ని లావుగా చేయవచ్చు, ఆ లావు వల్లనే హద్దు పైకి పోతుంది. చక్రపు చుట్టుకొలత 2 మీటర్లు, నిష్పత్తి 3.55 ఉన్న కారు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోతుంటే షాఫ్టు నిమిషానికి 4,700కు పైగా చుట్లు తిరుగుతుంది. పందెపు మైదానంలో ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది కనుక, హద్దుకు దూరంగా ఉండటమే ఈ మార్పుకు తగిన కారణం.

పని జరిగే క్రమం

కారును సమతలమైన కాంక్రీటు నేల మీద నిలిపి, ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి, ఇరుసు గొట్టాల కింద గట్టి స్టాండ్లు అమర్చడంతో పని మొదలవుతుంది. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి దూరడం ప్రాణాంతకం. షాఫ్టు విడిపోయాక గేరులో ఉంచినంత మాత్రాన కారు ఆగదు కనుక అడ్డుదిమ్మలు లేకుండా అడుగు ముందుకు వేయకూడదు. వెనుక భాగం ఎత్తుగా ఉండటం వల్ల గేర్‌బాక్సు నూనె కూడా తక్కువగా కారుతుంది.

ఇరుసులోకి శక్తిని తీసుకుపోయే చిన్న పళ్లచక్రాన్ని పినియన్ అనీ, దాని కొసన షాఫ్టును బిగించే చదునైన పళ్లేన్ని ఫ్లాంజ్ అనీ అంటారు. విప్పే ముందు షాఫ్టుకూ ఫ్లాంజ్‌కూ అడ్డంగా రంగుతో ఒక గీత గీస్తే, పాత షాఫ్టును తిరిగి బిగించవలసి వచ్చినప్పుడు అది మునుపటి స్థానంలోనే కూర్చుంటుంది. ఫ్లాంజ్‌ను పట్టుకున్న నాలుగు బోల్టుల తలలకు పన్నెండు కోణాలుంటాయి. వాటికి సరిపోయే 12 మిల్లీమీటర్ల సాకెట్‌నే వాడాలి. మరల మీది జిగురు మందు వల్ల బోల్టు మొండికేస్తే కొద్దిగా వేడిచేసి, పొడవాటి కడ్డీతో నిదానంగా కదిలించాలి. తొందరపడితే తల అరిగి గుండ్రమైపోతుంది, అప్పుడు గంట పని రోజంతా పడుతుంది.

బోల్టులు వచ్చాక షాఫ్టును కొద్దిగా ముందుకు నెట్టి, వెనుక కొసను దించి, ముందు కొసలోని స్లిప్ యోక్‌ను గేర్‌బాక్స్ నుంచి లాగుతారు. లోపల పొడవునా గాడులున్న కప్పు వంటి భాగమే స్లిప్ యోక్. ఇరుసు పైకీ కిందికీ కదిలేటప్పుడు అది ముందుకూ వెనక్కూ జారుతూ పొడవులోని తేడాను సర్దుతుంది. ఈ దశలో నూనె సీలు అంచును, యోక్ నునుపైన ఉపరితలాన్ని వేలితో తడిమి చూడటం అనుభవజ్ఞుల పద్ధతి. చిన్న గీత తగిలినా అక్కడ నూనె కారుతుంది కనుక, సీలు మార్చడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు.

కొత్త షాఫ్టు బిగించేటప్పుడు మొదటి కొలత పొడవుది. కారు బరువు ఇరుసు మీద ఉండగా యోక్‌ను పూర్తిగా లోపలికి నెట్టి, ఆ స్థానానికీ అది పని చేసే స్థానానికీ మధ్య సుమారు 20 నుంచి 25 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతున్నదో లేదో చూస్తారు. ఖాళీ లేకపోతే గుంత వచ్చినప్పుడు షాఫ్టు గేర్‌బాక్సును పొడుస్తుంది. ఎక్కువైతే గాడుల పట్టు చాలదు. సీలు అంచుకు నూనె రాసి, ఫ్లాంజ్ ముఖం మీది తుప్పును, పాత మందును పూర్తిగా తుడిచివేసి, కొత్త బోల్టులకు మరమందు రాసి, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగిస్తూ, చివరి బిగింపును సర్వీసు పుస్తకం చెప్పిన విలువకు టార్క్ రెంచితో ముగిస్తారు. ఫ్లాంజ్ మీద మిగిలిన పలుచని తుప్పుపొర కూడా షాఫ్టును పక్కకు ఒరిగిస్తుంది కనుక, ఈ తుడుపు పనిని అలక్ష్యం చేయకూడదు.

ఆ తరువాతది కోణాల కొలత. కోణమాపకంతో గేర్‌బాక్స్ కొసను, షాఫ్టును, పినియన్‌ను వేర్వేరుగా కొలిచి, రెండు కీళ్ల వంపులు దాదాపు సమానంగా, ఒక్కొక్కటి 3 డిగ్రీల లోపు ఉండేలా చూసుకుంటారు. వంపు సున్నా అయినా మంచిది కాదు. కీలులోని సూదుల వంటి బేరింగులు కదలక ఒకేచోట నొక్కుకుపోయి గుంటలు పడతాయి కనుక కనీసం అర డిగ్రీ వంపు ఉండాలి. కారును కిందికి దించి ఎత్తు తగ్గించుకున్నవారికి ఈ కొలత మరీ అవసరం, ఎందుకంటే ఎత్తు మారితే పినియన్ కోణమూ మారుతుంది. చివరగా షాఫ్టును చేత్తో తిప్పి, లావెక్కిన గొట్టం పొగగొట్టానికీ చేతిబ్రేకు తీగలకూ తగలకుండా ఉందని నిర్ధారించుకుని, కారిన నూనెను నింపుతారు. పందేలకు పోయేవారు ముందు కీలు విరిగితే షాఫ్టు నేలను పొడవకుండా దాని చుట్టూ ఉక్కు కడియం బిగిస్తారు. వేగం ఒక స్థాయి దాటిన కార్లకు పందెపు నియమాలే దానిని తప్పనిసరి చేశాయి.

వణుకు చెప్పే వివరం

బిగింపు సరిగా ఉందో లేదో రోడ్డు మీదే తేలుతుంది. కారు వేగంతో పాటు పెరుగుతూ, ఆ వేగంలో గేరు తప్పించినా ఆగని వణుకు ఇంజిన్‌ది కాదు, షాఫ్టు వైపుదో చక్రాలదో. షాఫ్టు చుట్టుకు ఒకసారి వచ్చే వణుకు సమతుల్య లోపాన్ని, రెండుసార్లు వచ్చేది కీలు కోణాల లోపాన్ని సూచిస్తుంది. సమతుల్య లోపం స్వల్పమైతే, నాలుగు రంధ్రాల ఫ్లాంజ్ మీద షాఫ్టును ఒక రంధ్రం పక్కకు తిప్పి బిగించి చూడటం మొదటి చికిత్స; అది చాలకపోతే షాఫ్టును సమతుల్య యంత్రం ఉన్న దుకాణానికి పంపవలసిందే.

ఈ సంప్రదాయపు విలువ కారుకు చేకూరే వేగంతో తూచదగినది కాదు. కార్డానో కీలు చేసే గణితాన్ని, గొట్టపు హద్దు వేగాన్ని, నూనె సీలు సున్నితత్వాన్ని ఒక మనిషి తన చేతులతో తెలుసుకుంటే, ఆ తరువాత ఏ యంత్రం వణికినా కారణాన్ని వెదికే పద్ధతి అతనికి వంటబడుతుంది. యంత్రాలను మూతపెట్టి అమ్మి, చెడితే మార్చుకోమని చెప్పే కాలంలో, కొలిచి, తుడిచి, తగినంతే బిగించే ఈ ఓర్పును కాపాడుకోవడం సాంకేతిక విద్యను కాపాడుకోవడమే.