ఎవరికీ తెలియని ఆ కొన్నేళ్లు

ఈ వ్యాసానికి మూలం ఒక విద్యార్థి రాసిన సెమినార్ పత్రం. ఖమ్మంలో తెలుగు పాఠాలు చెబుతూ ఇన్నేళ్లలో ఇలాంటి పత్రాలు చాలా దిద్దాను. దీని దగ్గర మాత్రం ఎర్రసిరా కలం పక్కన పెట్టవలసి వచ్చింది. నిజానికి మొదట వస్తువే నాకు నచ్చలేదు. ఇంకా బయటికి రాని ఒక వీడియో గేమ్ గురించి దాని తయారీదారులు ఇచ్చిన ఇంటర్వ్యూలు, వాటి మీద అభిమానులు చేసిన రభస - ఇదీ ఆ కుర్రవాడు ఎంచుకున్న విషయం. "రాని కృతి మీద సాహిత్య విమర్శ ఏమిటయ్యా?" అని ఎకసెక్కంగానే అడిగాను. దుమ్ముగూడెం వైపు కోయగూడెం నుంచి వచ్చిన పిల్లవాడు. నెమ్మదిగా, "వచ్చేశాక మాట్లాడితే ఎవరు వింటారు సార్?" అన్నాడు.

ఆ గేమ్ పేరు 'సైబర్‌పంక్ 2077'. పోలండు దేశపు సీడీ ప్రొజెక్ట్ అనే కంపెనీ 2012లో ప్రకటించి, 2020 డిసెంబరు 10న విడుదల చేసింది. అంటే ఎనిమిదేళ్లపాటు అది కేవలం మాటలుగానే బతికింది. ఇది పాత్రధారణ ఆట. ఆడేవాడు తన పాత్ర ముఖాన్నీ, జుట్టునూ తానే ఎంచుకుంటాడు. ఎవరితో ఏం మాట్లాడాలో తానే నిర్ణయించుకుంటాడు. 2018 జూన్‌లో లాస్ ఏంజెలస్ ప్రదర్శన సందర్భంగా తయారీదారులు ఒక సంగతి బయటపెట్టారు: ఆట దాదాపు అంతా ఆ పాత్ర కళ్లలోంచే సాగుతుందని. అభిమానులు భగ్గుమన్నారు. నేను చేతులారా చెక్కుకున్న ముఖం నాకే కనబడదా అని వాళ్ల బాధ. నేను నవ్వబోయి ఆగాను. ఉత్తమ పురుష కథనంలో కథకుడి ముఖం ఎవరు చూస్తారు, ఎక్కడ చూస్తారు అని ఎం.ఏ. తరగతిలో మనం గంటలకొద్దీ చెప్పే పాఠం ఇదే గదా! దృష్టికోణం అనే మాటైనా వినని వాళ్లు ఆ ప్రశ్నను మనకన్నా ఆవేశంగా అడుగుతున్నారు. వారపత్రికల సీరియళ్ల రోజుల్లో నాయికను చంపవద్దని ఉత్తరాలు రాసిన పాఠకులను మనం వెర్రివాళ్లుగా జమకట్టాం. అదీ తొందరపాటేనేమో.

పోతే, ఆ పత్రంలో అసలు పట్టు రెండో భాగంలో ఉంది. 2019 మే నెలలో కంపెనీ అధిపతులు ఒక ఇంటర్వ్యూలో, గేమ్ పూర్తిచేయడం కోసం ఉద్యోగుల చేత బలవంతపు అదనపు చాకిరీ చేయించబోమన్నారు. 2020 సెప్టెంబరులో వారానికి ఆరు రోజుల పని తప్పనిసరి చేశారు. అక్టోబరు చివర విడుదల మరో 21 రోజులు వాయిదా పడింది. అప్పుడు కొందరు అభిమానులు గేమ్ తయారుచేస్తున్న వాళ్లను చంపుతామని బెదిరిస్తూ రాశారు. ఎవరిని? యజమానులను కాదు, ఆదివారం తప్ప విశ్రాంతి లేక కంప్యూటర్ల ముందు కూర్చున్న కార్మికులను! చివరికి గేమ్ వచ్చింది. పాత యంత్రాల మీద ఎంత అధ్వాన్నంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ కంపెనీ తన దుకాణం నుంచి దాన్ని తీసేసి కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది.

విద్యార్థి తేల్చిందేమంటే, అభిమాని ఇంటర్వ్యూను భూమి పట్టాలాగా చదువుతాడు, తన వాటా ఎంతో వెదుక్కుంటాడు, మిగిలిన గట్లు ఎవరివో అతనికి పట్టదు అని. ఇది బయటిదేశం గొడవ, మనకెందుకని నేను పక్కన పెట్టేసేవాణ్ణే. కాని ఆఖరి రెండు పేజీల్లో ఆ పిల్లవాడు గోదావరి దగ్గరకు వచ్చాడు.

2019 మార్చి 14న హైదరాబాదులో దర్శకుడు రాజమౌళి పత్రికల వారిని పిలిచి, తాను తీస్తున్న 'ఆర్ఆర్ఆర్' కథ చెప్పారు. 1897లో పుట్టిన అల్లూరి సీతారామరాజు, 1901లో పుట్టిన కొమురం భీం ఇద్దరూ యౌవనంలో ఇల్లు విడిచి కొన్నేళ్లు ఎక్కడికో వెళ్లారు. ఆ కాలంలో ఏం చేశారో తెలియదు. ఆ కాలంలో ఇద్దరూ కలుసుకుని ఉంటే, స్నేహితులై ఉంటే అన్నదే తన ఊహ అన్నారు. అదంతా కల్పనేనని దాపరికం లేకుండా చెప్పారు. ఆయన కల్పన చేయడాన్ని నేను తప్పు పట్టడం లేదు. చరిత్ర మీద కల్పన నిషిద్ధమంటే మన చారిత్రక నవలల్లో సగం మూసీలో పారేయాలి.

ఆ రోజు నుంచి 2022 మార్చి 25న సినిమా విడుదలయ్యేదాకా మన ఊళ్లలో నడిచిన చర్చ గుర్తుచేసుకోండి. ఖమ్మంలో టీకొట్టు దగ్గర, బస్టాండులో, తరగతి గదుల వెనక బెంచీల మీద ఒకటే లెక్క. ఎన్టీఆర్‌కు ఎన్ని నిమిషాలు, రామ్‌చరణ్‌కు ఎన్ని నిమిషాలు? ముందుగా కనబడేదెవరు? ఒకరు కొడితే రెండోవారు ఎంత గట్టిగా కొట్టాలి? భీం పాత్ర తక్కువైందని ఒక వర్గం, రామరాజు పాత్రే భారమంతా మోసిందని మరో వర్గం. విడుదలయ్యాక కూడా ఆ లెక్క ఆగలేదు. ఈ రెండు వర్గాల గొడవలో భీం అంటే ఎన్టీఆర్, రామరాజు అంటే చరణ్. జోడేఘాట్ గాని, మంప గాని ఎవరి నోటా రాలేదు.

మధ్యలో మరో రగడ. 2020 అక్టోబరు 22న విడుదలైన టీజర్‌లో భీం తల మీద ముస్లిం టోపీ కనబడింది. నిజాం మీద పోరాడినవాడికి టోపీ పెడతారా అని ఆదిలాబాద్ నుంచి నిరసనలు వచ్చాయి, రాజకీయ నాయకులు హెచ్చరికలు చేశారు. సినిమాలో అది మారువేషమని తరవాత తేలింది. భీం పోరాటం నిజాం మతంతో కాదు. పోడు మీద పన్నుతో, అడవి నుంచి గెంటివేతతో, పట్టాలు పుట్టించి భూమి లాక్కున్న షావుకార్లతో, వాళ్లకు కాపుగాసిన పాలనతో. సినిమా ఆ శత్రువును దాదాపు పూర్తిగా తప్పించి, గోండుపిల్లను ఎత్తుకుపోయిన తెల్లదొరను ముందు నిలబెట్టింది. నిజాం రాజ్యంలోని గోండు పోరాటం ఢిల్లీలో ఇంగ్లీషువాడి కోట మీది దాడిగా మారిపోయింది. టోపీ మీద కేకలు వేసిన వాళ్లలో ఎందరు ఈ మార్పు మీద నోరు విప్పారు?

అయితే నేను చెప్పదలచుకున్నది ఇదీ కాదు. "ఆ కొన్నేళ్లు ఏం చేశారో తెలియదు" అన్న మాట దగ్గర ఆగాలి. ఎవరికి తెలియదు?

సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవల మన చేతుల్లో ఎప్పటినుంచో ఉంది. అల్లాణి శ్రీధర్ తీసిన సినిమా ఉంది. గోండుల నోటి కథనాలు వాటికన్నా ముందునుంచీ ఉన్నాయి. ఇల్లు విడిచిన భీం చాందా వైపు వెళ్లాడనీ, అచ్చు పని చేసే ఒకరి దగ్గర చేరి చదవడం రాయడం నేర్చాడనీ, అస్సాం తేయాకు తోటల్లో కూలీగా పనిచేశాడనీ, అక్కడి కూలీల ఆందోళనలు చూసి తిరిగివచ్చాడనీ ఆ కథనాలు చెబుతాయి. ఇందులో ఏది రుజువైనది, ఏది పెరిగినది అని చరిత్రకారులు వాదించుకోవచ్చు, వాదించుకోవాలి. కాని "ఇలా చెబుతారు, రుజువులు చాలవు" అనడం వేరు, "ఏమీ తెలియదు" అనడం వేరు. రెండోది, చెప్పినవాళ్లను లేనివాళ్లుగా లెక్కించడం.

దాని ఫలితం ఎక్కడ తేలిందో చూడండి. సినిమా చివర రామరాజు భీంను ఏం కావాలో కోరుకోమంటాడు. భీం చదువు అడుగుతాడు. 'జల్ జంగల్ జమీన్' అనే అక్షరాలను జెండా మీద రామరాజు రాస్తాడు. కూలిపని చేస్తూ అక్షరం సంపాదించుకున్నాడని తన జాతి చెప్పుకునే మనిషి, తన నినాదాన్నే మరొకరి చేతి రాతలో అందుకున్నాడు! ఈ అన్యాయం 2022లో తెరమీద పుట్టలేదు. 2019 మార్చిలో ఆ పత్రికా సమావేశంలో, "తెలియదు" అన్న చోటే పుట్టింది. మూడేళ్లు దొరికాయి మనకు. ఎవరం అడగలేదు.

ఎవరం అంటే నేను కూడా. ఆ నవల నా బీరువాలో ఉంది. పాఠంగా చెప్పాను కూడా. అయినా ఆ వారం తరగతిలో "చరిత్రలోని ఖాళీని కల్పనకు వాడుకోవడం ఎలా" అని రాజమౌళి మాటనే ఉదాహరణగా చెప్పి విద్యార్థుల చేత రాయించాను. నిమిషాలు లెక్కపెట్టే అభిమానులను చూసి నవ్వుకున్నాను. వాళ్లు కనీసం తమకు రావలసిన దాన్ని లెక్కపెట్టుకున్నారు.

ఇక స్థలం సంగతి. మ్యాపు ముందు పెట్టుకుంటే వింతగా ఉంటుంది. భీం నిజాం రాజ్యంలోవాడు, రామరాజు తిరిగింది మద్రాసు రాష్ట్రపు ఏజెన్సీలో. ఆ రెండు రాజ్యాలకూ మన దగ్గర గోదావరే సరిహద్దు. 1860లో నిజాం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. అప్పటినుంచి ఈ ఒడ్డు పాల్వంచ, బూర్గంపాడు నిజాంవి. ఆ ఒడ్డు భద్రాచలం కంపెనీ పోయాక వచ్చిన దొరలది. రెండు ఒడ్డులా కోయలే. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం కోసం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. భద్రాచలం ఊరు దాటగానే ఎటపాక వేరే రాష్ట్రం. 2022లో అల్లూరి పేరుతో జిల్లా ఏర్పడ్డప్పుడు ఎటపాకనూ అందులోనే చేర్చారు. ఇన్నిసార్లు గీత జరిగింది గాని, కోయవాణ్ణి అడిగి జరిపింది ఒక్కసారీ లేదు.

ఆ ఇద్దరూ నిజంగా కలవాలంటే దారి ఇటే ఉంది. సినిమా వాళ్లను ఢిల్లీలో కలిపింది. తనకు చే గెవారా మోటార్‌సైకిల్ యాత్ర మీది సినిమా ప్రేరణ అని దర్శకుడే చెప్పారు. ఆ యాత్రలో 1952లో చే, అతని స్నేహితుడు దారిలో గని కార్మికులను చూశారు, కుష్ఠురోగుల మధ్య ఉన్నారు. మన ఇద్దరు యాత్రికులు ఒకరినొకరు చూసుకున్నారు, అంతే. ఇటు వచ్చి ఉంటే రేకపల్లి వాళ్లను చూసేవారు. 1879లో మొదలైన రంప తిరుగుబాటు భద్రాచలం తాలూకాదాకా పాకిందని వినేవారు.

ఇక్కడి మనుషులకు నాయకుడి పాత్ర దక్కకపోవడం సినిమాతో మొదలైందని కూడా అనలేం. భద్రాద్రి స్థలపురాణంలో పుట్టలో దేవుణ్ణి కనుక్కున్నది పోకల దమ్మక్క అనే కోయ స్త్రీ. కీర్తి రామదాసుది. రామరాజు పక్కన నిలిచిన గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములున్నారు. మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు కూడా. ఆయనకు అభిమాన సంఘం ఉన్నట్టు విన్నారా? పాల్వంచ అడవుల్లో సాయుధ పోరాటకాలపు కోయ నాయకుడు సోయం గంగులు మన సంఘం సభల్లోనే నివాళి వాక్యంలో ఒక పేరుగా మిగిలాడు. ఈ విషయంలో అభ్యుదయ రచయితలం మనకు మనం చెప్పుకోవలసిన జవాబు రాజమౌళి చెప్పవలసిన దానికన్నా పెద్దది.

ఆ పత్రంలో ఒక వాక్యం కింద గీత గీసి ఉంచాను. "మా ఊళ్లో ఈ సినిమా మీద గొడవ జరగలేదు, ఇది మా గురించి అని ఎవరూ అనుకోలేదు" అని రాశాడు. పాట మాత్రం పెళ్లిళ్లలో మోగిందట. ఆస్కార్ వచ్చిన రోజు పిల్లలు స్టెప్పులు వేశారట. దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

పత్రం తిరిగి ఇస్తూ అడిగాను: అలాంటి పాత్రధారణ ఆట నువ్వే తయారుచేస్తే, ఆడేవాణ్ణి ఎక్కడ మొదలుపెట్టిస్తావు? "రేవు దగ్గర సార్" అన్నాడు.

ఏ ఒడ్డున అన్నాను. ఇంకా తేల్చుకోలేదట. వాళ్ల అమ్మమ్మది అటు, నాయనమ్మది ఇటు.