మొదటి తూటాకు ముందు

ఆర్మా 3 ఆటలోని ఆల్టిస్ దీవికి పడమటి తీరాన కవాలా అనే ఊరుంది. అక్కణ్నుంచి పిర్గోస్ పట్నానికి దాదాపు 13 కిలోమీటర్లు. ఆటలోని సైనికుడు సెకనుకు 4 మీటర్ల చొప్పున ఎక్కడా ఆగకుండా పరుగెత్తినా 54 నిమిషాలు పడుతుంది. లారీ ఎక్కితే పావుగంట, హెలికాప్టరైతే నాలుగైదు నిమిషాలు. మిషన్ తయారుచేసే మనిషి మ్యాపు మీద దళాన్ని ఎక్కడ దింపుతాడో, శత్రువును ఎక్కడ నిలబెడతాడో దాన్నిబట్టి ఇరవై ముప్ఫై మంది సాయంత్రం ఎలా గడుస్తుందో తేలిపోతుంది.

చెక్ దేశపు సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ 2001లో ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ ఆటను విడుదల చేసినప్పుడు దాంతోపాటే మిషన్ ఎడిటర్‌ను కూడా ఆటగాళ్ల చేతికిచ్చింది. పగలు ఉద్యోగాలూ చదువులూ చూసుకుని రాత్రిళ్లు మిషన్లు అల్లే ఔత్సాహికుల సంప్రదాయం అక్కడ మొదలైంది. ఆట పెరిగేకొద్దీ నేలా పెరిగింది. అదే సంస్థ 2009లో తెచ్చిన ఆర్మా 2లోని చెర్నారస్ 225 చదరపు కిలోమీటర్లు. దానికి ఉత్తర చెక్ ప్రాంతపు కొండలూ అడవులే నమూనా. 2013 నాటి ఆల్టిస్ 270 చదరపు కిలోమీటర్లు, గ్రీకు దీవి లిమ్నోస్‌ను చూసి గీసినది. 2012లో ఆ దీవికి వెళ్లిన ఇద్దరు సంస్థ ఉద్యోగులను సైనిక స్థావరాల ఫొటోలు తీశారన్న ఆరోపణపై గ్రీసు పోలీసులు అరెస్టు చేశారు. నాలుగు నెలలకు పైగా వాళ్లు జైల్లో ఉన్నారు.

ఇంత నేల చేతికొస్తే ఏం చెయ్యాలి? కౌంటర్ స్ట్రైక్ ఆటకు ఈ చిక్కు లేదు. 2001లో వచ్చిన డస్ట్ 2 మ్యాపులో రెండు జట్లూ కొన్ని సెకన్లలోనే ఎదురుపడతాయి. ఏ మలుపు దగ్గరకు ఎవరు ముందు చేరతారన్నదే అక్కడి లెక్క. ఆర్మాలో ఆ లెక్క నిమిషాల్లోకి, ఒక్కోసారి గంటల్లోకి సాగుతుంది.

కొత్తగా మిషన్ రాసేవాళ్లు సాధారణంగా రెండు వైపుల్లో ఒకవైపు జారిపోతారు. కొందరు నిజమైన యుద్ధంలా ఉండాలని దళాన్ని నలభై నిమిషాలు నడిపిస్తారు. గుట్టెక్కగానే ఎక్కణ్నుంచో తూటా తగిలి సగంమంది పడిపోతారు, మిగతా సాయంత్రమంతా తోటివాళ్ల ఆట చూస్తూ కూర్చుంటారు. ఇంకొందరు ఆ విసుగు భయంతో శత్రువును స్థావరం గేటు దగ్గరే పెట్టేస్తారు. అప్పుడు కొండా లోయా అడవీ అన్నీ వెనుక గీసిన బొమ్మల్లా మిగిలిపోతాయి, 270 చదరపు కిలోమీటర్లలో వాడుకున్నది ఒక వీధి అవుతుంది.

అనుభవజ్ఞులు దూరాన్ని కిలోమీటర్లలో కాక నిమిషాల్లో కొలుస్తారు. అంతకన్నా ముఖ్యంగా, ఆ నిమిషాల్లో దళం ఎన్నిసార్లు ఆగి ఆలోచించాల్సి వస్తుందో చూస్తారు. గుట్ట మీదుగా వెళ్తే దూరం చూడొచ్చు కానీ ఆకాశం ముందు మనిషి ఆకారం తేలిపోతుంది. లోయలో దిగితే కనబడం, కానీ పైనున్నవాడికి చిక్కుతాం. ఇలాంటి ఎంపిక ఒక్కటున్నా కిలోమీటరు నడక భారం కాదు. ఏ ఎంపికా లేని చదును పొలంలో మూడు వందల మీటర్లయినా భారమే.

దీనికి ఎడిటర్‌లోనే చక్కటి సాధనం ఉంది. ఏ దళాన్నయినా మ్యాపు మీద పెట్టి, అది ఆటలో ప్రత్యక్షమయ్యే అవకాశం ఎంతో నిర్ణయించవచ్చు. వంతెన దగ్గరి గస్తీకి 40 శాతం, పాడుబడ్డ చర్చి దగ్గరి మెషిన్‌గన్‌కు 30 శాతం ఇచ్చారనుకుందాం. ఏ సాయంత్రం ఏది ఉంటుందో రాసినవాడికీ తెలియదు. వంతెన ఖాళీగా ఉన్నా దళం నేలకు ఆనుకుని, ఒకరికొకరు కాపుకాస్తూ దాటుతుంది. ఒక్క తూటా పేలకుండానే ఆ పది నిమిషాలు ఆటగా మారతాయి.

నడకకు అసలు పరీక్ష చావు తర్వాత వస్తుంది. పడిపోయిన ఆటగాడు వెంటనే పక్కనే లేస్తే చావుకు భయం ఉండదు, జాగ్రత్తా ఉండదు. మళ్లీ మొదటి స్థావరం నుంచి నడవమంటే విసిగి సర్వర్ వదిలిపోతాడు. ఈ రెంటి మధ్య దారిని స్క్వాడ్ ఆట బాగా పట్టుకుంది. 2005 నాటి బ్యాటిల్‌ఫీల్డ్ 2 కోసం అభిమానులు చేసిన ప్రాజెక్ట్ రియాలిటీ వారసత్వమది. దళనాయకుడు ముందుకెళ్లి ర్యాలీ పాయింట్ పెడతాడు. పడిన సహచరులు అక్కడ లేస్తారు. శత్రువు దగ్గరకొస్తే అది పోతుంది. అంటే తిరిగి నడవాల్సిన దూరాన్ని తగ్గించుకునే పని, దాన్ని కాపాడుకునే పని రెండూ ఆటగాళ్ల మీదే పడతాయి. ఆర్మా మిషన్లలో పడినవాళ్లను మళ్లీ లేపే, కదిలే రీస్పాన్ వాహనానిదీ ఇదే పాత్ర: దాన్ని ఏ చెట్ల చాటున ఆపాలన్నదే పెద్ద చర్చ అవుతుంది.

దూరం కొందరికి పనికూడా ఇస్తుంది. ఇన్వేడ్ అండ్ అనెక్స్ లాంటి సహకార మిషన్లలో స్థావరం నుంచి దళాలను చేరవేసేది హెలికాప్టర్ నడిపే ఆటగాళ్లే. తుపాకి పట్టకుండా సాయంత్రమంతా గడిపే ఆ పైలట్లకు ప్రయాణమే యుద్ధం.

2014లో ఆర్మా 3కు జ్యూస్ అనే ఏర్పాటు వచ్చింది. ఒక మనిషి పైనుంచి అంతా చూస్తూ ఆట నడుస్తుండగానే శత్రువులను దింపవచ్చు. దారి చప్పగా ఉంటే ఒక గస్తీని పంపవచ్చు. దళం అలసిపోతే ఎదురుదాడిని ఆపవచ్చు. మంచి సాధనమే, కానీ ఇందులో ఒక పెద్ద తప్పు తరచూ కనిపిస్తుంది. అరగంట చుట్టుతిరిగి శత్రువు వెనక్కి చేరిన దళం ముందు, ఉత్కంఠ కోసమని అప్పటికప్పుడు కొత్త శత్రువులను నిలబెట్టడం. ఆ దళం నడిచిన అరగంటనూ దాని తెలివినీ ఒక్క క్లిక్కుతో చెరిపెయ్యడమది. ఏ విసుగూ అంత నష్టం చెయ్యదు.

తెలుగు ఊళ్లలో సెల్‌ఫోన్ పట్టిన కుర్రాళ్లకు ఈ సంప్రదాయపు ఫలం తెలియకుండానే అందింది. 2012లో ఆర్మా 2 మీద కట్టిన డేజెడ్‌లో ఎదుటివాడు మిత్రుడో శత్రువో తెలియని భయమే నడకను నిలబెట్టింది. దాని మీదే బ్రెండన్ గ్రీన్ బ్యాటిల్ రాయల్ కట్టాడు, 2017లో అది పబ్జీ అయింది. ఎరాంగెల్ మ్యాపు 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. వందమంది అందులో చెల్లాచెదురైనా, కుంచించుకుపోయే వలయం వాళ్లను ఒకచోటికి తోలుతుంది. 2018లో వచ్చిన సాన్‌హాక్ 4 కిలోమీటర్లకు 4 కిలోమీటర్లే. అదే వందమందికి నాలుగో వంతు నేల కాబట్టి తూటాలు త్వరగా పేలతాయి. ఎరాంగెల్‌లోని పోచింకీ ఊళ్లో దిగాలా, ఊరి చివర దిగాలా అని స్నేహితులు వాదించుకునేది కూడా దూరానికీ పోరుకూ మధ్య లెక్కే.

ఆర్మా 3తో ఎడిటర్ ఉచితంగానే వస్తుంది. మిషన్ కట్టాలనుకునేవాళ్లు స్నేహితులను పిలిచే ముందు గడియారం పక్కన పెట్టుకుని, మొదటి గుర్తు నుంచి చివరి గుర్తు దాకా ఒంటరిగా కాలినడకన వెళ్లి చూడండి. చెయ్యడానికీ ఆలోచించడానికీ ఏమీ లేని ముక్క ఎక్కడ తగిలినా, దళాన్ని దింపే చోటును ఆ ముక్క చివరి దాకా ముందుకు జరపండి.