పాస్టరుగారి చదువు

వేదాంత కళాశాలలో నాలుగైదేళ్లు చదివిన పాస్టరు ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ప్రసంగిస్తాడు. ఆదివారానికి ఒకటి చొప్పున లెక్కేసినా పదిహేను వందలు దాటుతాయి. పెళ్లిళ్లు, భూస్థాపనలు, కృతజ్ఞత కూటాలు, ఉపవాస ప్రార్థనలు వీటికి అదనం. కళాశాలలో రాసుకున్న నోట్సు అంతకాలం రాదు. కొన్నేళ్లకే పాత ఉదాహరణలు మళ్లీ వినబడతాయి. ముందు చాప మీద కూర్చున్న పెద్దామెకు తర్వాత ఏ కథ వస్తుందో ముందే తెలిసిపోతుంది.

ఈ లోటు కప్పుకోవడానికి అడ్డదారి ఒకటుంది. ఈ వారం ఒక కూడలిలో కట్టిన ఉజ్జీవ సభల ఫ్లెక్సీలో నలుగురు ప్రసంగికులుంటే నలుగురి పేర్ల ముందూ ‘డాక్టర్’ ఉంది. కొనుక్కున్న గౌరవ డాక్టరేటే ఆ అడ్డదారి.

క్రైస్తవ సంప్రదాయంలో నాయకుడి చదువుకు ముగింపు లేదు. తిమోతికి రాసిన రెండో పత్రికలో, మరణం దగ్గరపడిందని తెలిసిన పౌలు త్రోయలో వదిలి వచ్చిన అంగీతోపాటు పుస్తకాలూ, ముఖ్యంగా చర్మపు కాగితాలూ తెమ్మంటాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణ బిషప్ అగస్టీన్ డెబ్బై దాటాక, 426-427 ప్రాంతంలో, తన 93 రచనలను వరసగా మళ్లీ చదివి, ఎక్కడ పొరపాటు రాశాడో, ఎక్కడ ఆలోచన మారిందో పుస్తకంగా రాసిపెట్టాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో జాన్ వెస్లీ తన బోధకుల కోసం 1749 నుంచి 1755 వరకు 50 సంపుటాల గ్రంథమాల ప్రచురించాడు. చదువు మీద ఆసక్తి లేదన్న బోధకుడు అలవాటైనా చేసుకోవాలి, పాత వృత్తికైనా వెళ్లిపోవాలి అన్నది ఆయన పెట్టిన నియమం.

తెలుగునేల మీద ఇందుకు మంచి ఉదాహరణ ఒక తమిళుడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విళై గ్రామ గురువు ఇంట పుట్టాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా బీఏ పట్టా చేతికి రాలేదు. వైఎంసీఏ కార్యదర్శిగా దేశమంతా తిరిగి పేరు తెచ్చుకున్నాడు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవుల సొంత మిషనరీ సంఘం ఏర్పడటంలో ఆయనది ముఖ్యపాత్ర. ఆ సంఘం నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను తన క్షేత్రంగా ఎంచుకుంది. ఇతరులను పంపి ఊరుకోకుండా, 1909లో గురువుగా అభిషేకం పొంది ఆయనే అక్కడికి వచ్చాడు. అప్పటికి ముప్పై అయిదేళ్లు. ఆ వయసులో కొత్త లిపి దిద్దుకుని, పల్లెల్లో మాట్లాడే తెలుగు చెవికి పట్టించుకోవాల్సి వచ్చింది. 1912లో కలకత్తాలో అభిషేకం పొంది డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే.

బిషప్ పదవి వచ్చినా ఆయన చదువు ఆగలేదు. విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. వాళ్ల కూలి, అప్పు, పండుగ, కట్టుబాటు ఏ వేదాంత గ్రంథంలోనూ దొరకవు. పల్లెపల్లె తిరిగి వాళ్ల దగ్గరే తెలుసుకోవాలి. గురువులుగా శిక్షణ పొందేవారి భార్యలకూ చదువు చెప్పే ఏర్పాటు డోర్నకల్‌లో జరిగింది. 1939లో ప్రతిష్ఠించిన కెథడ్రల్‌లో గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిసి కనిపిస్తాయి. ఊరిని చూసి నేర్చుకున్నవాడు కట్టించిన కట్టడమది. ఆయనకూ గౌరవ డాక్టరేట్ ఉంది. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఇచ్చింది. ప్రజల నోట మాత్రం బిషప్ అజరయ్యగానే మిగిలాడు.

ఇక్కడిదాకా వచ్చిన వాదన వెస్లీ దారిలోనే సాగి, పాస్టర్లకు ఏటా పరీక్ష పెట్టాలన్న చోట ఆగాలి. అపొస్తలుల కార్యములు పద్దెనిమిదో అధ్యాయం దాన్ని మరోవైపు తిప్పుతుంది. అలెక్సంద్రియవాడైన అపొల్లో లేఖనాల్లో దిట్ట, గొప్ప వక్త. అయినా అతనికి యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. డేరాలు కుట్టుకుని బతికే ప్రిస్కిల్ల, అకుల దంపతులు అతన్ని చేర్చుకుని మిగతాది వివరించారు. అతను విన్నాడు. అసలు విశేషం ఆ తర్వాతిది. విశ్వాసులు అతన్ని చులకన చేయలేదు. అకయకు వెళ్తానంటే ప్రోత్సహించి, చేర్చుకోమని అక్కడివారికి ఉత్తరం రాసిచ్చారు.

నాయకుడి చదువు ఆగడానికి బద్ధకం ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. దైవజనుడికి తెలియనిది ఉంటుందా అనుకునే సంఘంలో, తెలియదని చెప్పడం పాస్టరుకు కష్టం. ఫ్లెక్సీ మీద ‘డాక్టర్’ చేర్చమనేదీ చాలాచోట్ల అభిమానించే విశ్వాసులే. కాబట్టి ఈ విషయంలో మొదటి బాధ్యత సంఘపు కమిటీది. వారంలో ఒక పూట పాస్టరును ఏ పనికీ పిలవకుండా చదువుకు వదలాలి. కానుకల లెక్కలో పుస్తకాలకు కొంత కేటాయించాలి. నెలకోసారైనా ఆరాధన తర్వాత ప్రశ్నలు అడగనివ్వాలి. ‘చూసి వచ్చే వారం చెప్తాను’ అంటే దాన్నీ జవాబుగానే ఒప్పుకోవాలి. ఈ నాలుగింటిలో డబ్బు ఖర్చయ్యేది ఒక్కటే.