దేశము పేరు గల పట్టీ

1970వ సంవత్సరము నవంబరు 20వ తేదీ రాత్రి లండను నగరమందలి రాయల్ ఆల్బర్ట్ హాలులో 'మిస్ వరల్డ్' అను సౌందర్యపు పోటీ జరిగినది. ఆ పోటీలో దక్షిణాఫ్రికా దేశమునుండి ఒకరికి బదులుగా ఇద్దఱు యువతులు నిలిచిరి. ఒకామె భుజముమీది పట్టీపై 'సౌత్ ఆఫ్రికా' యనియు, రెండవ యామె పట్టీపై 'ఆఫ్రికా సౌత్' అనియు వ్రాసియుండెను. మొదటి యామె తెల్లజాతికి చెందిన జిలియన్ జెస్సప్. రెండవ యామె కేప్‌టౌను వాసురాలు పెర్ల్ జాన్సెన్. ఆమెను ఆ దేశపు శాసనము 'కలర్డ్', అనగా మిశ్రవర్ణము, అను తరగతిలో చేర్చియుండెను. దేశ మొక్కటియే, పేరు మాత్రము ముందువెనుకలైనది. సమాసములు బోధించునపుడు, పూర్వపదమును ఉత్తరపదమును తాఱుమాఱు చేసినచో అర్థము మాఱునని మేము విద్యార్థులకు చెప్పుచుందుము. రాజపురుషుడు వేఱు, పురుషరాజు వేఱు. ఇచ్చట అర్థము మాఱలేదు. మనుష్యుల స్థానము మాఱినది.

ఈ వృత్తాంతమును వస్తువుగా గొని 2020లో ఇంగ్లీషున 'మిస్‌బిహేవియర్' అను చలనచిత్రము వెలువడినది. ఫిలిప్పా లౌథార్ప్ దీని దర్శకురాలు. మేము దీనిని కొంత ఆలస్యముగా, ఇదే పోటీ 2025 మే నెలలో మన హైదరాబాదున జరిగి ముగిసిన పిదప చూచితిమి. ఆలస్యమునకు చింత లేదు. అంతకుముందే చూచియుండినచో ఇది మాకు పరుల కథగా తోచియుండును. ఇపుడట్లు తోచలేదు, దానికి కారణము తరువాత చెప్పెదము.

కథ క్లుప్తముగా నిది. సాలీ అలెగ్జాండర్ చరిత్ర చదువుకొనుచున్న విద్యార్థిని, ఒక బిడ్డకు తల్లి. చదువున ఎంత చుఱుకుదనము చూపినను విశ్వవిద్యాలయమందలి పురుషులు ఆమె మాటకు పూర్తి విలువ నీయరు. జో రాబిన్‌సన్ అను మఱియొక యువతి గోడలపై ప్రకటనచిత్రములకు రంగులు పూసి నినాదములు వ్రాయు స్వభావము గలది. స్వభావమున పొత్తు కుదురని వీరిరువురును, తమవంటి మఱికొందఱితో కూడి, టిక్కెట్టులు కొని, పండుగ దుస్తులు ధరించి, మర్యాదస్తులవలె హాలులోనికి ప్రవేశింతురు. అమెరికా హాస్యనటుడు బాబ్ హోప్ వేదికపై పరిహాసములాడుచుండగా గిలక చప్పుడు సంకేతముగా లేచి పిండిపొట్లములు విసరుదురు, కరపత్రములు వెదజల్లుదురు. ఆయన వేదిక విడిచి పరుగెత్తును. రక్షకభటులు వత్తురు. కొంతసేపటికి పోటీ మఱల సాగును. ఆ రాత్రి కిరీటము గ్రెనడా ద్వీపమునుండి వచ్చిన జెన్నిఫర్ హోస్టెన్‌కు దక్కినది. నల్లజాతి స్త్రీకి ఆ కిరీటము దక్కుట అదియే మొదలు. రెండవ స్థానము పెర్ల్ జాన్సెన్‌ది. 'సౌత్ ఆఫ్రికా' పట్టీ ధరించిన యామె అయిదవది. ఇదంతయు జరిగినదే, చిత్రకారులు కల్పించినది కాదు.

చిత్రమున మెచ్చవలసిన వనేకము కలవు. పోటీ నడపు ఎరిక్ మోర్లీని క్రూరునిగా చిత్రింపక, పెండ్లి పందిరిలో పరుగులిడు పెద్దవలె నవ్వు పుట్టించునట్లు చిత్రించిరి. అందువలన చెడుగు ఒక దుర్మార్గుని యందు గాక అందఱకు అలవాటైన మర్యాదయందున్నదని తెలియును. ఈదుదుస్తులతో వరుస దీర్చిన యువతులను వెనుదిరుగుమనగా వారందఱు న్యాయనిర్ణేతలకు వీపు చూపి నిలుచు ఘట్టమొకటి కలదు. సంగీతము సాగుచునేయుండును, చప్పట్లు మ్రోగుచునేయుండును. సంతలో పశువును త్రిప్పి చూచుట మనలో చాలమంది యెఱిగినదే. ఆ పోలికను చిత్రమున నెవ్వరును నోటితో చెప్పనవసరము లేకపోయినది.

చిత్రమునకు ప్రాణమైన ఘట్టము వేఱొకటి. అలజడి చేసిన సాలీయు కిరీటము కొఱకు వచ్చిన జెన్నిఫరును ఒక గదిలో ఎదురుపడుదురు. మేము మీకు విరోధులము కాము, మిమ్ము తూకము వేయువారికి విరోధులము, అని సాలీ భావము. జెన్నిఫరు కోపింపదు. తనవంటి రూపముగల చిన్నబిడ్డలు ఈ రాత్రి తన్ను చూచి లోకమున తమకును చోటు కలదని తలంతురనియు, సాలీకి గల దారులు తనకును తెఱచుకొను దినము కొఱకు ఎదురుచూచుచున్నాననియు చెప్పును. మాటలు కొలదివే. వానికి తగిన ప్రత్యుత్తరమును చిత్రము కల్పింపబూనలేదు. అది మంచి పని. ఇట్టి చోట సామాన్య రచయిత యిద్దఱిని కౌగిలింపజేసి కన్నీరు కార్చునట్లు చేయును.

జెన్నిఫర్ పాత్రను ధరించిన గూగు ఎంబాథా-రా నటన నిబ్బరముతో గూడి శ్లాఘనీయముగా నున్నది. అయినను మా ఫిర్యాదు ఇచ్చటనే మొదలగును. సాలీ యింటిని, తల్లితో ఆమె వాదమును, బిడ్డయెడ ఆమె బెంగను మనము చూతుము. జెన్నిఫర్ హోటలు గదిలో పుట్టి హాలులో ముగియును. ఇక పెర్ల్ జాన్సెన్‌కు మిగిలినది అంతకన్నను తక్కువ. తన దేశపు సంగతులు పత్రికలవారితో మాటాడుటకు జంకుచు, ఒకరిద్దఱియొద్ద మాత్రము గొంతు తగ్గించి చెప్పుకొను బాలికగా ఆమె కనబడును. లోరీస్ హారిసన్ ఆ జంకును కన్నులలోనే చూపినది. కాని ఆమె యెచ్చటినుండి వచ్చినదో, ఎచ్చటికి తిరిగి పోవలసియున్నదో చూపుటకు చిత్రమునకు తీరిక లేదు. స్త్రీల మాట వినుమని కోరువారి కథను చెప్పు చిత్రము, ఆ హాలులో అందఱికన్న తక్కువగా మాటాడగలిగిన స్త్రీకి మాట తక్కువ చేసినది.

కావున చిత్రము చెప్పని దానిని మేము కొంత చెప్పెదము. 1950 నాటి జనగణన శాసనము దక్షిణాఫ్రికా ప్రజలనందఱిని వర్ణమునుబట్టి విడదీసినది. ఆ యేడే వచ్చిన మఱియొక శాసనము ఏ వర్ణమువా రెచ్చట కాపురముండవలెనో నిర్ణయించినది. కేప్ ప్రాంతపు మిశ్రవర్ణులకు చిరకాలముగా తెల్లవారితోబాటు ఉన్న ఓటును 1956లో ఆ జాబితానుండి తొలగించిరి. పెర్ల్ లండనుకు వచ్చిన 1970లోనే, మే నెలలో, ప్రజల ప్రతిఘటనవలన దక్షిణాఫ్రికా క్రికెట్టు జట్టు ఇంగ్లండు పర్యటన రద్దయినది. అట్టి వేడిలో తెల్ల యువతిని మాత్రమే పిలిచినచో నింద తప్పదని పోటీ పెద్దలు రెండవ యామెను చేర్చిరి. ఆమెకు దేశముపేరు ఈయజాలరు, ఈయక మానజాలరు, తిరుగవేసి యిచ్చిరి. అందులో మఱియొక చిత్రమున్నది. ఆ తిరుగవేసిన పేరు క్రింద తెల్లవారు కాని కోట్లమంది జనమును, వారి భాషలను, తెగలను, అన్నిటిని కలిపి ఇరువదియేండ్ల ఒక్క బాలిక భుజముపై నుంచిరి. స్వదేశమున ఆ జనమును ఎన్ని తరగతులుగా విభజింపవలెనో విభజించిన శాసనము, పరదేశమున మాత్రము వారి కందఱికి ఒక్క పట్టీ చాలుననుటకు అడ్డు చెప్పలేదు.

ఇది గతించిన కాలపు సంగతి యనుకొనరాదు. వర్ణవివక్ష శాసనములు పోయి, 1994లో అందఱును ఓటు వేసిన దక్షిణాఫ్రికాలోనే, 2024లో చిడిమ్మా అడెట్షీనా అను యువతి ఆ దేశపు సౌందర్యపు పోటీలో పాల్గొన్నది. జననము జొహానెస్‌బర్గు చెంత సొవేటోలో. తండ్రి నైజీరియా వాడు, తల్లి వంశము మొజాంబీకుది. ఆమె పేరు విన్నంతనే, ఈమె మనది కాదని వేలకొలది జనులు కేకలు వేసిరి. తల్లి పౌరసత్వ పత్రములపై ప్రభుత్వశాఖ విచారణ సాగించినది. అప్పటికి పసిబిడ్డయైన యీమెకు దానియందు పాలుండజాలదని ఆ శాఖయే చెప్పినది. అయినను కేకలు తగ్గలేదు. ఆగస్టు 8న ఆమె పోటీనుండి వైదొలగినది. నైజీరియా వారు పిలువగా ఆ దేశపు పోటీలో పాల్గొని ఆ నెలాఖరున గెలిచి, నవంబరులో మెక్సికోలో జరిగిన 'మిస్ యూనివర్స్' పోటీలో రెండవ స్థానము పొందినది. కేకలు వేసినవారిలో పెక్కురు నల్లవారే. ఒకనాడు పట్టీపై పేరు తిరుగవేసినవారు తెల్లవారు. నేడు పట్టీనే లాగుకొన్నవారు, ఆ నాటి దెబ్బలు తిన్నవారి బిడ్డలు. తండ్రి దేశమును ఆమె పరదేశమున ధరించినదనుటకన్న, జన్మభూమి ఆమెను ధరింపనొల్లనందున తండ్రి దేశము ధరించినదనుట సత్యమునకు దగ్గఱ.

ఇక మా సంగతి. 2025 మే నెలలో హైదరాబాదున ఈ పోటీ జరుగుచుండగా మా యూరి గ్రంథాలయ సంఘమువారు ఒక సాయంకాలము సభచేసి ఖండన తీర్మానము ప్రతిపాదించిరి. ములుగు జిల్లా రామప్ప గుడియొద్ద మన స్త్రీలచేత ఆ వచ్చిన యువతుల పాదములు కడిగించుట పత్రికలలో చూచి అందఱము మండిపడియుంటిమి. ఆ కోపము న్యాయమైనదే. దానిని మేమిప్పటికిని విడువలేదు. ప్రజల యతిథిగౌరవమును ఒక వాణిజ్యపు వేడుకకు అలంకారము చేయుట తగదు. తీర్మానమున 'వెలగట్టిన బొమ్మల ప్రదర్శనము' అను మాట యున్నది. దానిని బలపఱచి మాటాడినవారిలో మేమొకరము. చప్పట్లు బాగుగానే మ్రోగినవి. నూటయెనిమిది దేశముల పేర్లు విన్నవారమే గాని, ఆ వచ్చినవారిలో ఒక్కరి పేరును మాలో నెవ్వరికిని తెలియదు. ఇథియోపియానుండి వచ్చి రెండవ స్థానము పొందిన హాసెట్ డెరెజె పేరు మేము మఱునాటి పత్రికలో చదివితిమి. అదియు కిరీటము థాయిలాండునకు పోయినదను వార్తకు తోకగా. తన పురాతనదేశము పేరును నలుగురిలో నిలుపుటకు ఆమె యేమి తలచి వచ్చినదో విచారింపవలెనని ఆ సభలో నెవ్వరికిని తోచలేదు. చలనచిత్రమున సాలీ, జెన్నిఫర్ ఎదురుపడిన ఘట్టము చూచునపుడు మాకు ఈ 'బొమ్మలు' అను మాట గుర్తు వచ్చినది.

1996లో బెంగుళూరున ఈ పోటీయే జరిగినపుడు స్త్రీల సంఘములును, ఆచారము చెడునని వగచు పెద్దలును ఒకే వీధిలో నినాదములు చేసిరి; ఈదుదుస్తుల భాగమును సీషెల్సు దీవులకు తరలింపవలసి వచ్చినది. వారి కారణములు వేఱు వేఱు. స్త్రీని కొలతలనుండి విడిపింపవలెనని ఒకరు, తెఱచాటున ఉంచవలెనని మఱియొకరు. మా తీర్మానము మొదటివారిదని మా నమ్మకము. కాని 'బొమ్మలు' అను మాట రెండవవారు కూడ సంతోషముగా పలుకగలరు. ఆ సాయంకాలము మాలో కొందఱు ఆ సంతోషముతోనే పలికిరేమో.

దీనివలన పోటీ మంచిదని మేమనము. స్త్రీ శరీరమునకు అంకెలు వేయుట నీచము. ఈదుదుస్తుల ఘట్టమును 2015నుండి ఆ సంస్థయే మానివేసినది గాని, మెఱుగుపెట్టిన మాత్రమున తక్కెడ తక్కెడ కాకపోదు. జెన్నిఫర్ హోస్టెన్ తరువాత కెనడాలో గ్రెనడా హైకమిషనరుగా నియమింపబడినది, రాజనీతి చదివినది, మనోవ్యాధుల చికిత్సలో పనిచేసినది. ఇది చెప్పి, చూచితిరా పోటీవలన ఎంత మేలు కలిగినదో, యనువారు కలరు. ఆమెకు కలిగిన మేలు ఆమె ప్రజ్ఞవలన కలిగినది. పెర్ల్ జాన్సెన్ హైకమిషనరు కాలేదు. వివక్షశాసనముల క్రిందికే తిరిగి పోయినది. ఆమె భుజముపై నిలిచిన అన్యాయము అంతమాత్రమున తక్కువది కాదు.

చిత్రమును పదునైదేండ్లు దాటిన బాలబాలికలతో కూర్చుండి చూడవచ్చును. అక్కడక్కడ మోటుమాటలున్నను కథ వారికి తెలియవలసినదే. ఫలితములు ప్రకటించునపుడు అందఱి చూపు కిరీటముపై నుండును. మా మనవి, ఆ నిమిషమున రెండవ యామె ముఖమును చూడుడని. చివరను ఆ నాటి స్త్రీలే ముదిమితో తెఱమీద కనబడుదురు. పెర్ల్ జాన్సెన్ కూడ.

వచ్చు నెల సభలో ఆ తీర్మానమును మఱల చదివింపుమని సంఘము కార్యదర్శిగారికి లేఖ వ్రాసితిమి. పాదములు కడిగించుటను గూర్చిన వాక్యము ఉన్నదున్నట్లే యుండవచ్చును. 'బొమ్మలు' అను మాటను తీసివేయుటకు సభ్యు లొప్పుకొందురో లేదో చూడవలెను.