రంగు మనది, కుట్టు ఎవరిది?

‘మీ డిజైన్ మీరే చేసుకోండి’ అంటున్నాయి పెద్ద బట్టల కంపెనీలు. చేబ్రోలు లాంటి ఊళ్లలో మన పిల్లలు కూడా ఫోనులో రంగు, అక్షరాలు ఎంచుకుని టీషర్టులు తెప్పించుకుంటున్నారు. ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ స్వేచ్ఛ ఎంతవరకు?

కొనేవాళ్లే బూట్లు తీర్చిదిద్దుకునే ఏర్పాటును నైకీ 1999లో మొదలుపెట్టింది. 2001లో జోనా పెరెట్టి అనే అమెరికా విద్యార్థి తన బూట్లమీద ‘స్వెట్‌షాప్’ అని వేయమన్నాడు. తక్కువ కూలికి కార్మికులను పిండే కార్ఖానా అని దాని అర్థం. అనుచితమైన మాట అంటూ కంపెనీ కాదంది. ఏ రంగైనా కోరవచ్చు, కుట్టిన చేతుల ఊసు మాత్రం ఎత్తకూడదన్నమాట.

సుగాలి తండాలో ఫేటియా, కాంచళి కుట్టే అవ్వను చూడండి. అద్దం ఎక్కడ, గవ్వ ఎక్కడ అన్నది ఆమే నిర్ణయిస్తుంది, ఆమే కుడుతుంది. ఊహ, పని ఒకే చేతిలో ఉన్నాయి. కంపెనీ వాటిని విడదీసి, ఎంపికను కొనేవాడికిచ్చి, చాకిరీని కనిపించకుండా దాచింది.

మన అద్దాల కుట్టు కూడా ఇప్పుడు బజారులో సంచులమీద, జాకెట్లమీద అమ్ముడవుతోంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నచ్చింది కొనుక్కోండి. ఎవరు కుట్టారు, వారికెంత ముట్టింది అని కూడా అడగండి. తోటి టీచర్లారా, ఆ అవ్వను ఒకరోజు బడికి పిలిచి పిల్లలకు సూది పట్టడం నేర్పించండి.